పుట్టుకతో వచ్చే కొలెస్ట్రాల్: గుండె నాళాల్లో పూడికను మందులు ఎంతవరకు ఆపుతాయి?

క్లుప్తంగా

తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన జన్యులోపం వల్ల పుట్టినప్పటి నుంచే రక్తంలో ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, ఎక్కువగా ఉండేవాళ్లు దాదాపు 250 మందిలో ఒకరు. వీళ్లకు తిండి మార్చుకుంటే సరిపోదు, మందులు కావాలి. మందులు వాడితే గుండె నాళాల్లో పూడిక పెరగడం నెమ్మదిస్తుందని, కొందరిలో కాస్త వెనక్కి కూడా తగ్గుతుందని అధ్యయనాలు చూపించాయి. అంకె ఎంత తగ్గిందన్నదే కాదు, ఏ వయసులో తగ్గడం మొదలైందన్నదీ ఫలితాన్ని తేలుస్తుంది.

రిపోర్టు చెప్పని సంగతి

లిపిడ్ ప్రొఫైల్‌లో ఎల్‌డీఎల్ 190 దాటితే ల్యాబ్ వాళ్లు ఆ అంకెను లావు అక్షరాల్లో వేసి పక్కన ‘వెరీ హై’ అని రాస్తారు, అంతే. ఎందుకంత ఉందన్నది రిపోర్టు చెప్పదు. బరువు పెరిగి, కూర్చుని పనిచేసి, వేపుళ్లు తిని యాభై ఏళ్లకు 190 తెచ్చుకున్న మనిషీ, పుట్టిన రోజు నుంచీ 190 పైనే ఉన్న మనిషీ కాగితం మీద ఒకేలా కనిపిస్తారు. గుండె నాళాల సంగతి వేరు. 2016లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద జన్యు అధ్యయనం ఈ తేడాను అంకెల్లో పెట్టింది: ఎల్‌డీఎల్ 130 లోపు ఉండి లోపం లేనివాళ్లతో పోలిస్తే, 190 పైన ఉండి జన్యులోపం లేనివాళ్లకు గుండెజబ్బు ముప్పు 6 రెట్లు, అదే 190 పైన ఉండి జన్యులోపం కూడా ఉన్నవాళ్లకు 22 రెట్లు.

ఈ తేడా తెలియకపోవడం వల్లే ఇళ్లలో గందరగోళం. సన్నగా ఉన్న ముప్ఫై ఐదేళ్ల మనిషికి ఎల్‌డీఎల్ 240 అని తేలగానే నెయ్యి డబ్బా పై అరలోకి వెళ్తుంది, గుడ్డులో పచ్చసొన తీసేస్తారు, వాకింగ్ మొదలవుతుంది, మూడు నెలలు అయ్యాక మళ్లీ చూస్తే 215. ఆ కష్టం ఊరికే పోలేదు, తిండి మార్పుతో తగ్గేది మామూలుగా పది పదిహేను శాతమే. మిగిలిందంతా తిండి వల్ల వచ్చింది కాదు. ‘సరిగ్గా డైటింగ్ చేయట్లేదు’ అని ఆ మనిషి మీద నింద వేయడం దగ్గరే చాలా ఇళ్లలో కథ ఆగిపోతుంది, అసలు జబ్బు పేరు ఎవరి నోటా రాదు.

ఆ పేరు ఫెమిలియల్ హైపర్‌కొలెస్టెరోలేమియా, డాక్టర్లు పొట్టిగా ఎఫ్‌హెచ్ అంటారు. 1930ల చివర్లో నార్వే డాక్టర్ కార్ల్ ముల్లర్ కొన్ని కుటుంబాల్లో మూడు సంగతులు కలిసి రావడం గమనించాడు: రక్తంలో ఎక్కువ కొలెస్ట్రాల్, స్నాయువుల మీద పసుపుపచ్చని కొవ్వు గడ్డలు, చిన్న వయసులో గుండెనొప్పి. మడమ వెనక, వేళ్ల కణుపుల మీద ఉండే ఆ గడ్డలు, 45 ఏళ్లలోపే నల్లగుడ్డు చుట్టూ వచ్చే బూడిదరంగు వలయం ఇప్పటికీ డాక్టర్లు వెతికే గుర్తులే. అయితే చాలామందిలో ఇవేవీ ఉండవు. పైకి ఏమీ కనిపించదు, నొప్పీ ఉండదు, మొదటి లక్షణమే గుండెపోటు కావచ్చు. చికిత్స లేకపోతే మగవాళ్లలో దాదాపు సగం మందికి 50 ఏళ్లలోపు, ఆడవాళ్లలో సుమారు 30 శాతం మందికి 60 ఏళ్లలోపు గుండె నాళాల జబ్బు బయటపడుతుందని పాత లెక్కలు.

లివర్ మీద కొక్కేలు

రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను తీసేసే పని ప్రధానంగా లివర్‌ది. లివర్ కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి లాగే కొక్కేల్లాంటివి ఉంటాయి, వాటినే ఎల్‌డీఎల్ రిసెప్టర్లు అంటారు. 1970ల మొదట్లో డల్లాస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ జబ్బు తీవ్రంగా ఉన్న రోగుల చర్మ కణాలను ల్యాబ్‌లో పెంచి చూసినప్పుడు ఆ కణాలు ఎల్‌డీఎల్‌ను అసలు పట్టుకోలేకపోతున్నాయని తేలింది. 1985 నోబెల్ బహుమతి వాళ్లకు వచ్చింది దీనికే.

ఈ కొక్కేలను తయారుచేసే జన్యువు ప్రతి మనిషిలో రెండు కాపీలు ఉంటుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడిపోతే పనిచేసే కొక్కేలు సగానికి తగ్గి ఎల్‌డీఎల్ ఇంచుమించు రెట్టింపు అవుతుంది. రెండూ చెడిపోతే ఎల్‌డీఎల్ 400, 500 దాటి, స్కూలు వయసులోనే గుండె నాళాలు మూసుకుపోతాయి. రెండోది చాలా అరుదు, రెండు మూడు లక్షల మందిలో ఒకరు. కొందరిలో కొక్కెం బాగానే ఉంటుంది గానీ ఎల్‌డీఎల్ మీద దానికి తగులుకునే భాగం, అంటే అపోబీ అనే ప్రొటీన్, తేడాగా ఉంటుంది. ఇంకొందరిలో కొక్కేలను విరిచి పారేసే పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ అతిగా పనిచేస్తుంది. దీన్ని 2003లో ఫ్రాన్స్ కుటుంబాల్లో కనిపెట్టారు.

మందు ఎందుకు పనిచేస్తుందో, ఎవరికి పనిచేయదో రెండూ ఇక్కడే తెలుస్తాయి. స్టాటిన్ మాత్ర లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకుంటుంది. లోపల సరుకు తగ్గేసరికి లివర్ బయటి నుంచి తెచ్చుకోవడానికి మరిన్ని కొక్కేలు తయారుచేస్తుంది. అంటే చెడిపోయిన జన్యువును మాత్ర బాగుచేయదు, బాగున్న రెండో కాపీ చేత ఇద్దరి పని చేయిస్తుంది. బాగున్న కాపీ అసలు లేనివాళ్లలో స్టాటిన్ ఎందుకు తేలిపోతుందో వేరే చెప్పక్కర్లేదు.

మీటరు తిరుగుతూనే ఉంటుంది

పూడిక ఇవాళ్టి ఎల్‌డీఎల్ అంకెను బట్టి రాదు, ఇప్పటిదాకా నాళాల గోడలు మోసిన మొత్తం ఎల్‌డీఎల్‌ను బట్టి వస్తుంది. కరెంటు మీటరు లాంటిదే, ఈ నిమిషంలో ఎన్ని బల్బులు వెలుగుతున్నాయన్నది ఒకటి, మీటరు ఎన్ని యూనిట్లు తిరిగిందన్నది ఇంకొకటి. ఎల్‌డీఎల్ 100 ఉన్న మనిషికి 40 ఏళ్లు వచ్చేసరికి 40 ఇంటూ 100, అంటే 4,000. ఎల్‌డీఎల్ 250 ఉన్న కుర్రాడు అదే 4,000ను పదహారో ఏట దాటేస్తాడు, ఇంటర్ కూడా పూర్తికాకముందే.

2013లో యూరోపియన్ అథెరోస్క్లెరోసిస్ సొసైటీ నిపుణులు ఇలాంటి లెక్కే ఇంకా జాగ్రత్తగా వేశారు. మామూలు మనిషి 55 ఏళ్లకు మోసే మొత్తం భారాన్ని ఒక గీతగా తీసుకుంటే, ఒక జన్యువు చెడిన ఎఫ్‌హెచ్ మనిషి చికిత్స లేకపోతే ఆ గీతను 35 ఏళ్లకే చేరతాడు. 18 ఏళ్లకు మందు మొదలుపెడితే 48కి, 10 ఏళ్లకు మొదలుపెడితే 53కి. రెండు జన్యువులూ చెడిపోయినవాళ్లు పన్నెండున్నర ఏళ్లకే చేరిపోతారు. పదేళ్ల పిల్లాడికి స్టాటిన్ ఏంటి అని అమ్మమ్మలు తాతయ్యలు కంగారుపడటం సహజమే గానీ, 48కి 53కి మధ్య ఉన్న ఆ ఐదేళ్లు వచ్చేది ఆ ఎనిమిదేళ్ల ముందు చూపు వల్లే.

పూడిక వెనక్కి తగ్గుతుందా?

ఇది అందరూ అడిగే ప్రశ్న, దీనికి మొదటి గట్టి జవాబుల్లో ఒకటి 1990లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి వచ్చింది. ఒక జన్యువు చెడిన 72 మంది ఎఫ్‌హెచ్ రోగుల్ని రెండు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకు ఆహార నియమాలతోపాటు లోవాస్టాటిన్, నియాసిన్, కొలెస్టిపోల్ కలిపి ఇచ్చారు. వీళ్ల ఎల్‌డీఎల్ సగటున 283 నుంచి 172కి దిగింది. రెండేళ్ల తర్వాత యాంజియోగ్రామ్‌లు పక్కపక్కన పెట్టి కొలిస్తే, పోలిక గ్రూపులో నాళం ఇరుకు సగటున 0.80 శాతం పెరిగింది, మందుల గ్రూపులో 1.53 శాతం తగ్గింది. అప్పటిదాకా ఇలాంటి ప్రయోగాలు ఎక్కువగా మగవాళ్ల మీదే జరిగేవి, ఇందులో సగానికి పైగా ఆడవాళ్లు, వాళ్లలోనూ తగ్గుదల కనిపించింది.

ఒకటిన్నర శాతమా, ఇంతేనా అనిపిస్తుంది. 70 శాతం బ్లాక్ ఉందని విన్నవాళ్లకు అది 68 అవ్వడం పెద్ద కబురు కాదు కదా. కానీ గుండెపోటు సాధారణంగా నాళం మెల్లగా మూసుకుపోవడం వల్ల రాదు, పూడిక పైపొర పగిలి దాని మీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తుంది. లోపల మెత్తని కొవ్వు ఎక్కువగా, పైపొర పల్చగా ఉన్న పూడిక ప్రమాదం. అది యాంజియోగ్రామ్‌లో 30, 40 శాతం బ్లాక్‌లా అమాయకంగా కూడా కనిపించొచ్చు. ఎల్‌డీఎల్ బాగా తగ్గితే లోపలి కొవ్వు తగ్గుతుంది, పైపొర దళసరి అవుతుంది. నాళం పెద్దగా తెరుచుకోకపోయినా పగిలే ముప్పు మాత్రం బాగా తగ్గిపోతుంది. అందుకే కొలత చిన్నది, ప్రయోజనం పెద్దది.

అన్ని ప్రయోగాలూ ఇంత సాఫీగా సాగలేదు. 2008లో వచ్చిన ఎన్‌హాన్స్ అనే ప్రయోగంలో 720 మంది ఎఫ్‌హెచ్ రోగుల్లో సుమారు సగం మందికి సింవాస్టాటిన్ అనే స్టాటిన్ ఒక్కటే, మిగతావాళ్లకు దాంతోపాటు ఎజెటిమైబ్ అనే ఇంకో మందు కలిపి ఇస్తే, కలిపి వాడినవాళ్లలో ఎల్‌డీఎల్ ఇంకా తగ్గింది గానీ, మెడ నాళాల గోడ మందంలో రెండేళ్లకు రెండు గ్రూపులకూ తేడా రాలేదు. అప్పట్లో ఎజెటిమైబ్ దండగ మందు అన్న మాట గట్టిగా వినిపించింది. ఆ రోగుల్లో చాలామంది అప్పటికే ఏళ్ల తరబడి స్టాటిన్ వాడుతున్నవాళ్లు, గోడలు అప్పటికే పల్చబడ్డాయి, ఇంకా తగ్గడానికి చోటు తక్కువ అన్నది దానికి చెప్పిన వివరణ. తర్వాత 2015లో 18 వేల మందికి పైగా గుండె రోగుల మీద, వీళ్లు ఎఫ్‌హెచ్ వాళ్లు కారు, జరిగిన ప్రయోగంలో అదే ఎజెటిమైబ్ గుండెపోట్లను కొద్దిగానైనా తగ్గించింది. 1990 ప్రయోగంలో వాడిన నియాసిన్‌కు ఆ అదృష్టం లేదు. స్టాటిన్‌కు తోడుగా ఇస్తే అదనపు లాభం లేదని 2011, 2014 ప్రయోగాల్లో తేలి పక్కకు వెళ్లిపోయింది.

ఈమధ్య స్పెయిన్‌లో 104 మంది ఎఫ్‌హెచ్ రోగులకు స్టాటిన్ మీద, పీసీఎస్‌కే9ను అడ్డుకునే అలిరోకుమాబ్ ఇంజెక్షన్ కూడా 78 వారాలు ఇచ్చి, సీటీ స్కాన్‌తో గుండె నాళాలు చూశారు. పూడిక భారం 34.6 శాతం నుంచి 30.4 శాతానికి తగ్గింది, కొవ్వు పూడిక తగ్గి గట్టి పూడిక పెరిగింది. పోలిక గ్రూపు లేకపోవడం ఇందులో లోటు, కాబట్టి 1990 ప్రయోగంతో ఒకే తక్కెడలో పెట్టకూడదు. దిశ మాత్రం రెండింటిలో ఒకటే.

తండ్రికి 26, కొడుక్కి 1

యాంజియోగ్రామ్ కొలతల కన్నా సూటిగా మాట్లాడే అధ్యయనం నెదర్లాండ్స్‌ది. ఎఫ్‌హెచ్ ఉన్న 214 మంది పిల్లలకు చిన్నప్పుడే స్టాటిన్ మొదలుపెట్టి 20 ఏళ్లు గమనించారు, ఫలితాలు 2019లో వచ్చాయి. 39 ఏళ్ల వయసు వచ్చేసరికి ఈ పిల్లల్లో గుండె, రక్తనాళాల జబ్బు వచ్చినవాళ్లు 1 శాతం. అదే జన్యువు ఇచ్చిన వాళ్ల తల్లిదండ్రుల్లో అదే వయసుకు 26 శాతం. ఆ తల్లిదండ్రుల కాలంలో చాలామందికి చిన్నప్పుడు స్టాటిన్ దొరకలేదు, అదే ప్రధాన తేడా. మెడ నాళాల గోడ మందం పెరిగే వేగం కూడా లోపం లేని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో సమానంగానే ఉంది.

ఇంకో సంగతి, ఆ పిల్లల ఎల్‌డీఎల్ అద్భుతంగా ఏమీ తగ్గలేదు. సగటున 237 నుంచి 161కి వచ్చింది, 100 లోపుకు వచ్చినవాళ్లు ఐదుగురిలో ఒకరే. ఓ మాదిరి తగ్గుదలే, కానీ తొందరగా మొదలై ఇరవై ఏళ్లు ఆగకుండా సాగింది. లేటుగా మొదలుపెట్టి గట్టిగా తగ్గించడం కన్నా ముందుగా మొదలుపెట్టి ఓ మాదిరిగా తగ్గించడం మేలు కావచ్చన్న ఆలోచనకు ఇది మంచి బలం. అయితే తల్లిదండ్రుల తరంలో సిగరెట్లు ఎక్కువ లాంటి తేడాలు కూడా ఉండొచ్చు కాబట్టి 26కి 1కి మధ్య ఉన్నదంతా మాత్ర ఖాతాలోనే వేయడం కుదరదు.

బూజు నుంచి ఇంజెక్షన్ దాకా

స్టాటిన్ కథ మొదలైందే ఈ జబ్బుతో. జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త వేల రకాల బూజులు పరీక్షించి 1973లో బియ్యం మీది ఒక బూజులో కాంపాక్టిన్ అనే పదార్థం కనిపెట్టాడు. 1978లో ఒసాకాలో అకిరా యమమోటో అనే డాక్టర్ దాన్ని తీవ్రమైన ఎఫ్‌హెచ్ ఉన్న ఒక 18 ఏళ్ల అమ్మాయికి ఇచ్చాడు. కొలెస్ట్రాల్ తగ్గింది, కండరాల బలహీనత కూడా వచ్చింది, మోతాదు తగ్గించాల్సి వచ్చింది. స్టాటిన్ మంచీ చెడూ రెండూ మొదటి రోగుల్లోనే కనిపించాయన్నమాట. మార్కెట్‌లోకి వచ్చిన మొదటి స్టాటిన్ లోవాస్టాటిన్, 1987లో.

ఇప్పుడు డాక్టర్లు మందులు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ఎక్కువ మోతాదు రోసువాస్టాటిన్ లేదా అటోర్వాస్టాటిన్‌తో ఎల్‌డీఎల్ దాదాపు సగం తగ్గుతుంది. పేగుల నుంచి కొలెస్ట్రాల్ పీల్చుకోవడాన్ని అడ్డుకునే ఎజెటిమైబ్ కలిపితే మిగిలినదాంట్లో ఇంకో ఇరవై శాతం. అయినా చాలకపోతే పీసీఎస్‌కే9ను అడ్డుకునే ఇవోలోకుమాబ్ లేదా అలిరోకుమాబ్ ఇంజెక్షన్, రెండు వారాలకోసారి, మిగిలినదాంట్లో 60 శాతం దాకా. ఇంక్లిసిరాన్ అయితే మొదటి రెండు డోసుల తర్వాత ఆరు నెలలకోసారి చాలు. కాగితం మీద 260 ఉన్న మనిషికి ఇది 130, 105, చివరికి 45 దరిదాపులకు వస్తుంది. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే అదనంగా వచ్చేది ఆరు శాతమే కాబట్టి మాత్ర మిల్లీగ్రాములు పెంచుకుంటూ పోవడం కన్నా రెండో మందు కలపడమే తెలివైన పని. ఎఫ్‌హెచ్ ఉండి గుండెజబ్బు ఇంకా రానివాళ్లకు 70 లోపు, వచ్చినవాళ్లకు 55 లోపు అన్నది 2019 యూరప్ లక్ష్యం. మన కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో తొలిసారి సొంతంగా ఇచ్చిన కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లోనూ ముప్పు మరీ ఎక్కువగా ఉన్నవాళ్లకు 55 లోపే. మాత్రలు మన దగ్గర చవగ్గానే దొరుకుతాయి, ఇంజెక్షన్లే మధ్యతరగతికి భారం.

రెండు జన్యువులూ చెడినవాళ్ల దారి వేరు. 1984లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో స్టోర్మీ జోన్స్ అనే ఆరేళ్ల పాపకు గుండె, లివర్ ఒకేసారి మార్చారు. 1,000 దాటిన కొలెస్ట్రాల్ 300 దరిదాపులకు దిగింది, అంటే కొత్త లివర్ మీది కొక్కేలు పనిచేశాయి. లివరే కీలకమన్న సిద్ధాంతానికి అంతకు మించిన రుజువు లేదు. ఇప్పుడు ఇలాంటి పిల్లలకు డయాలసిస్ తరహాలో రక్తం నుంచి ఎల్‌డీఎల్ వడకట్టే పద్ధతి ఉంది, కొక్కేలతో సంబంధం లేకుండా పనిచేసే ఇవినాకుమాబ్ అనే మందు 2021లో అమెరికాలో అనుమతి పొందింది, ఎల్‌డీఎల్‌ను దాదాపు సగం తగ్గిస్తుంది. ఇవి అందరికీ అందేవి కావు.

మేనరికం లెక్క

తెలుగు ఇళ్లకు ఈ జబ్బుతో ప్రత్యేకంగా ఉన్న లంకె ఇది. ఒక అమ్మమ్మకు ఒక జన్యువు చెడి ఉందనుకుందాం. ఆమె కొడుక్కి అది వచ్చే అవకాశం సగం, కూతురికీ సగమే, ఆ కూతురి కూతురికి పావు. ఇప్పుడు ఆ కొడుకు అక్క కూతుర్ని చేసుకుంటే, ఇద్దరికీ లోపం ఉండే అవకాశం ఎనిమిదిలో ఒకటి. ఇద్దరికీ ఉంటే ప్రతి బిడ్డకూ రెండు చెడ్డ కాపీలు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొత్తం మీద 32లో ఒకటి. అదే కొడుకు బయటి సంబంధం చేసుకుంటే ఈ అవకాశం రెండు వేలలో ఒకటి మాత్రమే. మేనరికాలన్నీ జబ్బు తెస్తాయని దీని అర్థం కాదు. ఆ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో గుండెపోటుతో పోయి ఉంటే పెళ్లికి ముందు ఇద్దరూ లిపిడ్ పరీక్ష చేయించుకోవడం జాతకాల కన్నా ఉపయోగం, ఖర్చూ తక్కువే.

మాత్ర ఆగిపోయే చోట్లు

చికిత్స దెబ్బతినేది ఎక్కువగా మందు పనిచేయక కాదు, మందు ఆపేయడం వల్ల. ఎల్‌డీఎల్ 90కి వచ్చింది, నార్మల్ అయిపోయింది కదా అని మాత్ర మానేస్తారు. జ్వరం మాత్ర అలా మానేయొచ్చు, జన్యువు మాత్రం నార్మల్ కాలేదు, కొన్ని వారాల్లో అంకె మళ్లీ పాత చోటికే వస్తుంది.

రెండోది ఒళ్లు నొప్పులు. నిజంగా కండరాల సమస్య వచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లకు మందు మార్చాలి. అయితే బ్రిటన్‌లో 2020లో వచ్చిన శాంసన్ ప్రయోగంలో స్టాటిన్ పడట్లేదని మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్త మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చి చూస్తే, స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్త మాత్రతోనూ వచ్చాయి. బాధ అబద్ధం కాదు, కారణం చాలాసార్లు మందు పడదేమోనన్న భయం. ఫలితం తెలిశాక వాళ్లలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

మూడోది గర్భం. పిల్లల కోసం చూస్తున్నప్పుడు, గర్భంలో, పాలిచ్చేటప్పుడు మామూలుగా స్టాటిన్ ఆపమంటారు. తర్వాత మళ్లీ మొదలుపెట్టమని చెప్పేవాళ్లు లేక అది ఏళ్ల తరబడి ఆగిపోతుంది. ఇద్దరు పిల్లలు కనే ఆడమనిషికి మీటరు ఇలా నాలుగైదేళ్లు అడ్డూ అదుపూ లేకుండా తిరుగుతుంది. అందుకే పెళ్లికి ముందే మందు మొదలవడం ఆడపిల్లలకు ఇంకా అవసరం, ఈ మాట ఎవరూ చెప్పరు.

ఒకరికి తేలితే

ఈ జబ్బు ఒంటరిగా రాదు. ఒకరికి తేలితే వాళ్ల తోబుట్టువుల్లో, పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం, తల్లిదండ్రుల్లో ఒకరికి దాదాపు ఖాయం. నెదర్లాండ్స్ 1994లో మొదలుపెట్టిన దేశవ్యాప్త కార్యక్రమం సరిగ్గా ఇలాగే, ఒక రోగి నుంచి బంధువుల్ని వెతుక్కుంటూ వెళ్లి వేలమందిని గుండెపోటుకు ముందే పట్టుకుంది. స్లొవేనియా ఇంకో దారి పట్టింది, 1990ల మధ్య నుంచి స్కూలుకు వెళ్లే ముందు ఐదేళ్ల పిల్లలందరికీ కొలెస్ట్రాల్ చూస్తుంది. మన దగ్గర జన్యు పరీక్ష అందరికీ అందుబాటులో లేకపోయినా నష్టం లేదు, మామూలు లిపిడ్ ప్రొఫైల్‌తోనే చాలామందిని గుర్తించవచ్చు, ఎల్‌డీఎల్ కోసం పరగడుపున రావాల్సిన పని కూడా చాలాసార్లు ఉండదు. పిల్లల్లో సాధారణంగా ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య స్టాటిన్ మొదలుపెడతారు, అదీ పిల్లల డాక్టరో గుండె డాక్టరో ఎదుగుదల, లివర్ పరీక్షలు చూసుకుంటూ.

నలభై ఐదేళ్ల మనిషికి గుండెపోటు వచ్చి స్టెంట్ వేశాక కుటుంబమంతా ఐసీయూ బయట కూర్చుని ఉంటుంది, అందులో అతని తమ్ముడు, చెల్లెలు, పన్నెండేళ్ల కొడుకు కూడా ఉంటారు. స్టెంట్ ఆ ఒక్క బ్లాక్‌కే. మిగతా ముగ్గురి రక్తం అదే ఆస్పత్రి కింది అంతస్తు ల్యాబ్‌లో తీయించవచ్చు, రిపోర్టు సాయంత్రానికి చేతికి వస్తుంది.